ఇంటి రూటు

అందరూ చూస్తుండగానే పెద్దాయన చేతిలోంచి బండి తాళం లాక్కున్నాడు మేనేజరు.

లారీ కంపెనీ యార్డులో బండ్లు బయల్దేరే వేళ. డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని షెడ్డు కింద నిలబడి ఉన్నారు. తాళం లాక్కుని మేనేజరు ఊరుకోలేదు. తీసుకెళ్ళి పెద్దాయన అల్లుడి చేతిలోనే పెట్టాడు.

"ఇవాళ్టి నుంచి ఇంటి రూటు నీది. మీ మామ కొండదారికి పోతాడు. నిన్న మీటింగులో గొంతు బాగా లేచిందిగా, ఆ గోడు వెళ్ళి కొండలకు చెప్పుకోమను."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. వాళ్ళను ఏమని తిడతాం? రేపు ఆ గతి తమకు పట్టకుండా ఉంటే చాలని నవ్వారు.

పెద్దాయన నడిపే రూటును కంపెనీ డెడికేటెడ్ రూటు అంటుంది. యార్డు నుంచి సిమెంటు గోదాముకు పోవడం, రావడం. రోజూ అదే దారి, సాయంత్రానికి మనిషి ఇల్లు చేరతాడు. అందుకే డ్రైవర్లు దాన్ని ఇంటి రూటు అంటారు. అది దక్కేది కొద్దిమందికే. మిగిలినవన్నీ తిరుగుడు రూట్లు. ఎక్కడ లోడు ఉంటే అక్కడికి పోవాలి, వాళ్ళు దించుకునేదాకా కాచుకోవాలి. చక్రం తిరిగితేనే జీతం. గోదాము గేటు ముందు ఎంతసేపు పడిగాపులు పడినా దానికి పైసా రాదు. పెద్దాయన మీటింగులో అడిగింది ఆ ఒక్క సంగతే. "బండి ఆగి ఉన్నా మేం అందులోనే ఉన్నాం కదయ్యా! అప్పుడు పనిలో ఉన్నట్టా, లేనట్టా?" తను ఇంటి రూటులో సుఖంగా ఉండి కూడా తిరుగుడు రూట్ల వాళ్ళ కోసం అడిగాడు. కంపెనీకి కంటగింపు అయింది అదే.

అల్లుడు తాళం పట్టుకుని కొయ్యబారిపోయాడు. యార్డులో చిన్నా పెద్దా అందరికీ అతను అల్లుడే. స్టీరింగు పట్టుకోవడం నేర్పింది మామ, పిల్లనిచ్చిందీ మామ. ఇంట్లో భార్యకు నెలలు నిండుతున్నాయి. కాళ్ళు వాచి, ఆయాసంతో పడుకోలేకపోతోంది. ఒంటరిగా వదలొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

పెద్దాయన దగ్గరికొచ్చి అతని గుప్పిట మూశాడు. "తీసుకో అల్లుడూ. పిల్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. నేనైతే ఏంటి, నువ్వైతే ఏంటి?"

"నీ ఒంట్లో బాగుండటం లేదు కదా మామా. ఆ కొండదారిలో..."

"నాకు ఆ దారి చెప్తున్నావా? నువ్వు పుట్టకముందే ఎక్కి దిగాను. పో పో, ఆలస్యమైతే దానికీ జీతం కోస్తారు."

అల్లుడు బండెక్కాడు. ఎక్కక ఏం చేస్తాడు అంటారా? నిజమే. కంపెనీ బలమంతా మనం అలా అడగడంలోనే ఉంది. ఆకలి మీదున్న ఇద్దరి ముందు ఒకే కంచం పెట్టి తను పక్కన కూర్చుని చూస్తుంది. తినగలిగినవాడు తింటాడు, రెండోవాడి వైపు తలెత్తి చూడలేడు. అల్లుడూ అంతే. యార్డులో ఎవరైనా ఎదురైతే మొహం చాటేసి పోయేవాడు.

ఇంట్లో ఇంకా కష్టంగా ఉండేది. సాయంత్రం బండి చప్పుడు విని భార్య తలుపు తీసేది. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, అన్నం పెట్టి, ఎదురుగా కూర్చునేది. ఒకరోజు ఆమె ఉన్నమాట అనేసింది.

"నువ్వు ఇంటికొస్తుంటే సంతోషంగానే ఉంది. కానీ నీ బండి చప్పుడు వినపడిందంటే నాన్న ఎక్కడో రోడ్డు మీద ఉన్నట్టేగా!"

అతను సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

కొండదారి నుంచి పెద్దాయన తిరిగొచ్చీ రాగానే మళ్ళీ అటే లోడు వేసేవాళ్ళు. ఛాతీలో పట్టేసినట్టుంది, ఒక్క పూట ఆగి వెళ్తానని అడిగితే, ఆగేవాళ్ళకు ఇక్కడ బండి లేదన్నాడు మేనేజరు. ఆ లోడు మీద వెళ్ళినవాడు శవమై వచ్చాడు.

మేనేజరు గుమ్మం దాకా వచ్చాడు. చెప్పులు కూడా విడవలేదు. "ఆపకూడని చోట బండి ఆపి పడుకున్నాడమ్మా. డ్యూటీలో పోయినట్టు రాయడానికి రూలు ఒప్పుకోదు. పైవాళ్ళకు నేనూ సమాధానం చెప్పుకోవాలి."

"లోడు బండి రోడ్డు మీద వదిలి మా నాన్న పడుకున్నాడా?" అంది ఆమె. ఏడవడం కూడా మర్చిపోయి అడిగింది.

మేనేజరు అల్లుడి భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకెళ్ళాడు. "పురిటి ఖర్చులున్నాయి నీకు. ఇంటి రూటు ఖాయం చేయిస్తా. గొడవల్లోకి పోకు."

మర్నాడు సమ్మె మాట తేల్చుకోవడానికి షెడ్డు కింద డ్రైవర్లంతా చేరారు. మీటింగు మొదలవుతూనే తగవైంది. యార్డు అవతలికి కూడా వినపడే గొంతున్న మైకు అనే డ్రైవరు లేచాడు.

"ఇంటి రూటోళ్ళను నమ్మి సమ్మెకు దిగితే మన కొంప కొల్లేరే! పెళ్ళాం చేతి అన్నం తినేవాళ్ళకు మన కడుపుమంట ఏం తెలుస్తుందిరా?"

"నోరు అదుపులో పెట్టుకో! మేమేం దొంగతనం చేశామా?" అని ఇంటి రూటు వాళ్ళు లేచారు. ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. మేనేజరు గది కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

అల్లుడు మధ్యలోకి వచ్చి తాళం నేల మీద పెట్టాడు.

"మైకన్న అన్నది నిజమే. నేను ఇంట్లో అన్నం తిన్నాను. ఆ అన్నం మామది. ఇవాళ నేను నోరు తెరిస్తే రేపు ఈ తాళం మీలో ఒకడి చేతిలో పెడతాడు. ఆ మర్నాడు వాడి దగ్గరా లాక్కుంటాడు. ఇది మనకిచ్చిన రూటు కాదన్నా, మన మెడకేసిన తాడు. ఇంటి రూటు అందరికీ వంతులవారీగా రావాలి. ఆగి ఉన్న కాలానికి జీతమివ్వాలి. ఒంట్లో బాగాలేనోడు ఆగుతానంటే ఆగనివ్వాలి. మా మామ పనిలో పోయాడని రాయాలి."

మైకు జేబులోంచి తన తాళం తీసి దాని పక్కన పెట్టాడు. ఒక్కొక్కరే వచ్చి పెట్టారు. ఇంటి రూటు వాళ్ళలో కొందరు ఏడుస్తూ పెట్టారు.

బండ్లు ఆగిపోయాయి. కంపెనీ పోలీసుల్ని పిలిచింది. ఒక పొద్దున అల్లుణ్ణీ మైకునూ ఇంకొందరినీ కొట్టి వ్యాన్లో పడేశారు. ఆగిన బండ్లు నడపడానికి వేరే యార్డు డ్రైవర్లతో ఒక బస్సు గేటు లోపలికి వచ్చింది. వ్యాను కిటికీ జాలీలోంచి అల్లుడికి భార్య కనిపించింది. నడుం మీద చెయ్యేసుకుని, గేటుకు కట్టిన తండ్రి ఫోటో పక్కన నిలబడి ఉంది. ఎలా నడిచి వచ్చిందో!

బస్సు దిగినవాళ్ళలో ఒక నడివయసు మనిషి ఫోటో చూసి ఆగిపోయాడు.

"ఈయన నీకేమవుతాడమ్మా?"

"మా నాన్న. బండాపి పడుకున్నాడంట."

"ఎవరన్నారు? కొండదారిలో ఆయన బండి దగ్గరికి మొదట వెళ్ళింది నేను. అది దిగుడు రోడ్డు, కింద మలుపులో ఇళ్ళున్నాయి. బ్రేకు వేసి కూడా ఆ మనిషికి నమ్మకం కుదరలేదు. గుండె నొప్పితోనే కిందికి దిగి, రాళ్ళు మోసుకొచ్చి, టైర్లకు అడ్డం పెట్టాడు. అప్పుడు ఎక్కి సీట్లో కూర్చున్నాడు. నేను చూసేసరికి చేతులకు మట్టి అలాగే ఉంది. మీ మేనేజరుకు ఆ పొద్దునే చెప్పానే ఇదంతా!"

వ్యాన్లో అల్లుడు జాలీకి తల ఆనించి బావురుమన్నాడు. మామ పోయాక అతను ఏడవడం అదే మొదలు.

"కబుర్లాపి బండ్లెక్కండి!" అని మేనేజరు అరిచాడు.

ఆ మనిషి బండెక్కలేదు. ప్రహరీ దగ్గరికి వెళ్ళి ఒక రాయి తెచ్చి మొదటి బండి టైరుకు అడ్డం పెట్టాడు. అతని వెనక బస్సు దిగినవాళ్ళు కదిలారు. గేటు బయటివాళ్ళు పోలీసుల్ని తోసుకుని లోపలికి వచ్చారు. లాఠీలు లేచాయి. దెబ్బలు పడుతూనే ఉన్నాయి, రాళ్ళు వస్తూనే ఉన్నాయి. ఇంటి రూటు బండికీ, కొండదారి బండికీ, అన్నిటికీ పెట్టారు.

వ్యాను కదిలింది. అల్లుడు జాలీ వదల్లేదు. గేటు పక్క బండి దగ్గర ఉన్న భార్య కాళ్ళ ముందు ఎవరో ఒక రాయి పడేశారు. ఆమె వంగలేకపోయింది. బండి రేకు పట్టుకుని, వాచిన కాలితోనే ఆ రాయిని టైరు కిందికి నెట్టింది.