మైకు మావయ్యకి ఆల్టరేషన్

దర్జీ దుకాణానికి కొత్త బోర్డు రాసింది అతని బామ్మర్ది. బామ్మర్ది గోడలకి సున్నాలు, రంగులు వేసే మనిషి. అక్షరాలు అతని పని కాదు. కానీ "నేనుండగా బయటివాళ్లెందుకు బావా?" అంటూ బ్రష్షు పట్టుకుని వచ్చేశాడు. దర్జీ నోట్లో నాలుక లేని మనిషి. ఎవరికీ కాదని చెప్పలేడు. అలా బోర్డు తయారైంది. పైన తెలుగులో "అన్ని రకాల ఆల్టరేషన్లు చేయబడును" అనీ, కింద అదే మాట ఇంగ్లీషులో పెద్ద ఎర్రక్షరాలతోనూ రాశాడు.

దర్జీ కొత్త బట్టలు కుట్టడు. వేరేవాళ్లు కుట్టినవాటిని సరిచేస్తాడు. బిగుతైన నడుముని వదులు చేస్తాడు, జారిపోయే భుజాలని పైకెత్తుతాడు, కోటు పొట్టయితే మడతలో దాగిన గుడ్డని బయటికి లాగుతాడు. కిటికీ పక్కన అతని మిషను. ఎదురుగా చిన్న పీట మీద అతని భార్య కూర్చుని గుండీలూ హుక్కులూ కుడుతుంది. ఆవిడ పెదాల మధ్య ఎప్పుడూ గుండుసూదులుంటాయి. అందుకని నోటి మూల నుంచి మాట్లాడుతుంది. అలవాటు లేనివాళ్లకి ఆ మాటలు బెదిరింపుల్లా వినిపిస్తాయి.

బోర్డు పెట్టిన మర్నాడు పొద్దున్నే ఇంగ్లీషు టీచరమ్మ వచ్చింది. రిటైరై చాలా కాలమైంది. అయినా ఆ వీధిలో సగం మంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లే. దర్జీ కూడా. ఆవిడ గడప తొక్కగానే అతను మెడలో టేపుతో సహా లేచి నిలబడ్డాడు.

"నీ బోర్డు ఎవరు రాశారు?"

"మా బామ్మర్దండీ మేడమ్."

"ఒక్క అక్షరం మార్చాడు. ఇంగ్లీషు 'ఈ' ఉండాల్సిన చోట 'ఏ' పెట్టాడు. 'ఆల్టర్' అని అలా రాస్తే అర్థమేంటో తెలుసా? ప్రార్థన చేసే చోట ముందుండే బల్ల. నీ బోర్డు ప్రకారం ఇక్కడ అన్ని రకాల ప్రార్థన బల్లలూ సరిచేయబడతాయి."

దర్జీ భార్య సూదుల వెనక నుంచి ఫక్కుమంది. దర్జీ చూపు నేలకి దిగిపోయింది.

"సరే, అది తర్వాత దిద్దుకోవచ్చు. నేనొచ్చిన పని వేరు," అంది టీచరమ్మ. "చెప్పు. ఛేంజ్‌కీ ఆల్టర్‌కీ తేడా ఏంటి?"

దర్జీకి చిన్నప్పటి చెమటలన్నీ ఒక్కసారి పట్టాయి. "రెండూ మార్చడమేనండీ..."

"కాదు. ఒకరి గౌను తీసేసుకుని బదులు కోటిస్తే అది ఛేంజ్. అదే గౌను, అదే గుడ్డ, అదే రంగు ఉంచి, బాగోలేని చోట కుట్టు వేసి కాస్త పట్టేస్తే అది ఆల్టర్. రోజూ చేసే పనికి అర్థం తెలీకపోతే ఎలా? నాకు మా ఆయన్ని ఛేంజ్ చేసే ఉద్దేశం లేదు. ఈ వయసులో కొత్త మనిషిని అలవాటు చేసుకోవడం నావల్ల కాదు. ఆల్టర్ చాలు." ఆవిడ గుమ్మం వైపు తిరిగి పిలిచింది. "రండి లోపలికి!"

లోపలికి వచ్చినాయన్ని వీధంతా మైకు మావయ్య అంటారు. పొడుగ్గా, వెడల్పు ఛాతీతో ఉంటాడు. ఉద్యోగమున్నంత కాలం బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సులు వచ్చేదీ పోయేదీ ప్రకటించాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు.

గుమ్మంలో నిలబడి, ముందు ముక్కుతో గంట మోగించాడు. "టింగ్ టాంగ్. దయచేసి గమనించండి. టీచరు గారి భర్త దర్జీ దుకాణమునకు చేరుకొని యున్నారు. ధన్యవాదములు."

గొంతు ఎంత గట్టిదంటే హ్యాంగర్లకి వేలాడుతున్న కోట్లు కదిలాయి.

"విన్నావుగా? ఇంట్లో పొద్దుణ్నించి సాయంత్రం దాకా ఇదే," అంది టీచరమ్మ. "'దయచేసి గమనించండి, స్నానము కొద్దిసేపట్లో ప్రారంభమగును.' 'దయచేసి గమనించండి, కాఫీ ఆలస్యముగా నడుచుచున్నది.' కాఫీ ఆలస్యమైందని నాతో అనొచ్చుగా? నేను ఏదో అంటాను, తను ఏదో అంటాడు. అలా కాదు. ప్రకటన చేసి ధన్యవాదములు చెప్పి వెళ్లిపోతాడు. ప్రకటనకి జవాబు చెప్పేదెవరు? నా గొంతు నేనే మరిచిపోయేట్టున్నాను. వచ్చే వారం వచ్చి తీసుకెళ్తా. అందాకా రోజూ పొద్దున వదిలిపెడతాను, సాయంత్రం ఇంటికి పంపించు."

"మేడమ్, ఇది బట్టల..." అని మొదలుపెట్టాడు దర్జీ.

"బోర్డు మీద అన్ని రకాలని లేదూ?"

దర్జీ "ఉందండీ" అన్నాడు. అంతే, పని ఒప్పుకున్నట్టయింది.

మొదటిరోజు మైకు మావయ్యకి స్టూలు వేసి, ఏం చెయ్యాలో తోచక, దర్జీ ఆయన భుజాలు కొలిచాడు. ఛాతీ కొలిచాడు. కొలతల్లో తప్పేమీ కనపడలేదు. ఈలోగా బ్యాంకు మేనేజరు వచ్చాడు. చాలా హుందా అయిన మనిషి. గొంతు తగ్గించి, ప్యాంటు నడుము కాస్త వదులు చెయ్యాలన్నాడు.

మావయ్య స్టూలు మీద నుంచి లేచాడు. "టింగ్ టాంగ్. దయచేసి గమనించండి. బ్యాంకు మేనేజరు గారి నడుము ఇటీవల విస్తరించినందున వారి ప్యాంటు వదులు చేయబడుచున్నది. ప్రజలు సహకరించవలసినదిగా మనవి."

ఎదురుగా పళ్లకొట్టు దగ్గరున్న జనమంతా ఇటు తిరిగారు. ఒకాయన సహకరిస్తామన్నట్టు చెయ్యి కూడా ఊపాడు. మేనేజరు ముఖం ఎర్రబడింది. "ఎవరయ్యా నువ్వు?" అని అరిచాడు. మావయ్యకి అరవాల్సిన అవసరం లేదు. ఆయన మామూలు గొంతే చాలు. ఇద్దరూ కాసేపు మాటలతో వాయించేసుకున్నారు. చివరికి మేనేజరు ప్యాంటు బల్ల మీద విసిరేసి వెళ్లిపోయాడు.

దర్జీ టీచరమ్మకి ఫోను చేశాడు. "మేడమ్, షాపులో పెద్ద ఆల్టరేషన్ జరిగిందండీ."

"అప్పుడేనా? ఏం మారాడు?"

"మారలేదండీ. మావయ్యగారూ మేనేజరుగారూ అరుచుకున్నారు."

"దాన్ని ఆల్టర్‌కేషన్ అంటారు. గొడవని అర్థం. మధ్యలో ఓ అక్షరం మింగేశావు. గొడవ వద్దు, సరిచెయ్యమన్నాను," అని ఫోను పెట్టేసింది.

ఇక లాభం లేదని దర్జీ భార్య పని చేతిలోకి తీసుకుంది. "బాబాయ్ గారూ, ఊరికే కూర్చుంటే మీకూ విసుగే. కాస్త సాయం చెయ్యండి," అని ఆయన పక్కన పీట వేయించి, తన సూదుల్లో సగం ఆయన పెదాల మధ్య పెట్టింది. "ఇవి పడకూడదు. నేనడిగినప్పుడు ఒక్కోటి ఇవ్వాలి."

సూదులున్న నోటితో ప్రకటన చెయ్యడం కుదరదు. మావయ్యకి ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది. ఎవరైనా లోపలికి రాగానే ముక్కుతో టింగ్ టాంగ్ అనేవాడు. అక్కడితో ఆగిపోయేది. మిగతాదంతా ఆయన కళ్లల్లోనే తిరిగేది. వచ్చినవాళ్లు వాళ్ల గోడు చెప్పుకునేవారు. అత్తగారు పంపిన కోటు ఎందుకంత పెద్దదో ఒకావిడ వివరంగా చెప్పింది. చిక్కిపోయానని చెబుతూనే గౌను వదులు చెయ్యమన్నదింకొకావిడ. మావయ్య నోరు మూసుకుని విన్నాడు. వినడం ఆయనకి కొత్త. బస్టాండులో అద్దాల గదిలో కూర్చుని ఇన్నేళ్లు మాట్లాడాడే గానీ, అవతలివాళ్లు ఏమన్నారో ఆయనకెప్పుడూ వినపడలేదు. నాలుగోరోజుకల్లా ఎవరైనా కథ మధ్యలో ఆపితే, తర్వాతేమైందన్నట్టు కనుబొమలెత్తడం మొదలుపెట్టాడు.

"ఈయన బానే వస్తున్నాడు," అంది దర్జీ భార్య, నోటి మూల నుంచే.

ఆ మర్నాడు మధ్యాహ్నం దుకాణంలో రద్దీగా ఉంది. పిల్లల నాటకాల కంపెనీలో బఫూను వేషం వేసే అతను తన ప్యాంటు బాగుచెయ్యమని ఇచ్చి ఉన్నాడు. పచ్చటి గుడ్డ మీద పెద్ద పెద్ద నారింజ చుక్కలు, లోపల ఇద్దరు పట్టేంత వెడల్పు. అది పొట్లం కట్టి బల్ల మీద ఉంది. దాని పక్కనే మేనేజరు ప్యాంటు పొట్లం. రెండూ ఒకే రంగు కాగితం.

మేనేజరు గాలిలా వచ్చాడు. అతనికి పొరుగూళ్లో పెద్ద మీటింగు. మావయ్య నోరు తెరిచేలోపు బయటపడాలని, ఎవరి ముఖమూ చూడకుండా, బల్ల మీద పొట్లం ఒకటి లాక్కుని పరుగున వెళ్లి అప్పుడే కదులుతున్న బస్సెక్కేశాడు.

తప్పు పొట్లం తీసుకున్నాడని మావయ్య ఒక్కడే చూశాడు. "టింగ్ టాంగ్!" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. "టింగ్ టాంగ్, టింగ్ టాంగ్!" అంటూ చేతులూపాడు.

"ఏంటి బాబాయ్ గారూ, సూది గుచ్చుకుందా?" అంది దర్జీ భార్య.

మావయ్య సూదులన్నీ అరచేతిలోకి ఉమ్మేసి, రోడ్డు మీదికి పరిగెత్తి, ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు.

"దయచేసి గమనించండి! ఇప్పుడే బయలుదేరిన బస్సు తక్షణమే నిలిచిపోవలెను! డ్రైవరు గారు వెనుకకు రావలసినదిగా మనవి!"

ఆ గొంతు విని ఆగని డ్రైవరు ఆ చుట్టుపక్కల లేడు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆ గొంతు చెప్పిన చోటికే బండి తిప్పినవాళ్లు వాళ్లంతా. ఆ బస్సు కీచుమని ఆగింది. దాని వెనక దూరంగా వస్తున్న బస్సూ ఆగింది. ఎదురుగా వస్తున్న బస్సు, ఆ మాట తనక్కాదని తెలిసి కూడా, ఎందుకైనా మంచిదని ఆగింది. మొదటి బస్సు మెల్లిగా వెనక్కి నడిచి వచ్చి దర్జీ దుకాణం ముందు నిలబడింది. ప్రయాణికులంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. పళ్లకొట్టు దగ్గర జనం బేరాలాపేశారు.

"దయచేసి గమనించండి," అన్నాడు మావయ్య మళ్లీ. "మూడవ కిటికీ వద్ద కూర్చున్న బ్యాంకు మేనేజరు గారు..."

మేనేజరు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆ వేళ్ల సందుల్లోంచి కనిపిస్తున్న కళ్లని చూసి మావయ్య ఆగిపోయాడు. గొంతులో ఉన్న మాటని మింగాడు. కిటికీ దగ్గరికి నడిచి వెళ్లి, మేనేజరు చెవి దగ్గర నోరు పెట్టి, జన్మలో మొదటిసారి గుసగుసగా చెప్పాడు. "అది మీ ప్యాంటు కాదు బాబూ. తారుమారైంది. లోపలిచ్చి మీది తెచ్చుకుంటారా, నన్ను తెమ్మంటారా? ఏం చేద్దామంటారు?"

ప్రకటన చివర ప్రశ్న పెట్టడం ఆయనకి అదే మొదలు. జవాబు కోసం ఆగాడు కూడా.

కానీ మేనేజరు ఆయన్ని నమ్మే స్థితిలో లేడు. "నా ప్యాంటు నాకు తెలీదా? మళ్లీ నా పరువు తియ్యడానికేగా ఇదంతా? చూడండి, అందరూ చూడండి!" అని లేచి నిలబడి, పొట్లం విప్పి, ప్యాంటు తీసి బస్సంతటికీ చూపించాడు.

పచ్చటి గుడ్డ తెరచాపలా విచ్చుకుంది. నారింజ చుక్కలు ముందు సీటు దాకా పరుచుకున్నాయి. తర్వాత వెనక సీటులో ముసలాయన, "నడుము బాగా వదులు చేశారు," అన్నాడు ఎంతో మెచ్చుకోలుగా. ఇక బస్సు నవ్వుతో ఊగిపోయింది. చివరికి మేనేజరుకి కూడా నవ్వాగలేదు. పొట్టపట్టుకుని నవ్వి, కళ్లు తుడుచుకుని, "మీరే తెచ్చిపెట్టండి మావయ్యగారూ," అన్నాడు. మావయ్య ఏ ప్రకటనా చెయ్యకుండా తెచ్చిపెట్టాడు.

వారం తిరిగేసరికి టీచరమ్మ వచ్చింది. దర్జీ బెదురుతూ జరిగిందంతా చెప్పాడు. ఆవిడ భర్త వైపు తిరిగింది.

"టింగ్ టాంగ్," అన్నాడు మావయ్య. టీచరమ్మ ముఖం వాడిపోయింది. "దయచేసి గమనించండి. మనము ఇంటికి బయలుదేరుచున్నాము." ఆయన కాస్త తడబడ్డాడు. "నువ్వేమంటావు?"

ఎన్నాళ్ల తర్వాతో ఆయన టీచరమ్మని అడిగిన ప్రశ్న అది. "పదండి," అంది ఆవిడ. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, "గుడ్డ అదే, రంగు అదే. బానే పట్టావు," అంది దర్జీతో. ఆవిడ నోట అతను విన్న మొదటి మెచ్చుకోలు అదే. ఆ సాయంత్రమంతా అతను కుట్టిన కుట్లన్నీ వంకర పోయాయి.

అయితే పది రోజులు తిరక్కుండానే టీచరమ్మ మళ్లీ వచ్చింది. జుట్టు సరిగ్గా దువ్వుకోలేదు. మావయ్యని బయట నిలబెట్టి లోపలికొచ్చింది.

"ఏం చేశావురా ఆయన్ని? ఇప్పుడు అన్నీ అడుగుతున్నాడు. 'దయచేసి గమనించండి, ఎడమ చెప్పు ముందు వేసుకుంటున్నాను, నువ్వేమంటావు?' 'తుమ్ము రాబోవుచున్నది, నీ అభిప్రాయం?' చెప్పేదాకా కదలడు. నిన్న ఆ తుమ్ము మీద అరగంట వాదించుకున్నాం."

"మరీ వదులైపోయిందంటారా మేడమ్?" దర్జీ ఆత్రంగా టేపు అందుకున్నాడు. "కొంచెం పట్టేయమంటారా?"

టీచరమ్మ గుమ్మం వైపు చూసింది. బయట మావయ్య పళ్లకొట్టువాడితో నిలబడి, వాడు చెబుతున్నది కనుబొమలెత్తి వింటున్నాడు.

"తుమ్ము వాదనలో ఎవరు గెలిచారు టీచరమ్మా?" అంది దర్జీ భార్య.

"నేనే." ఆవిడ పెదవి చివర నవ్వు మెదిలింది. "రాత్రి మళ్లీ ఆయనే ఆ మాట లేవదీశాడు. తుమ్మొస్తే ఆపకూడదట. ఆపొచ్చని నేను."

"మరి ఉంచేద్దామా, పట్టేద్దామా?"

టీచరమ్మ తన కోటు గుండీ ఒకటి వదులైందని, అది కుట్టమని, అసలు అందుకే వచ్చానని చెప్పింది. దర్జీ భార్య కుట్టిచ్చింది. ఆవిడ బయటికి వెళ్లేసరికి మావయ్య ఎదురుచూస్తున్నాడు. "నడిచి వెళ్దామా, బస్సెక్కుదామా? నువ్వేమంటావు?"

"బస్సు," అంది టీచరమ్మ. "కానీ ముందు తుమ్ము సంగతి తేల్చండి. నిన్న మీరన్నదాంట్లో పెద్ద తప్పుంది..." ఇద్దరూ మాట్లాడుకుంటూ నడిచారు. వాళ్లెక్కాల్సిన బస్సు పక్కనే నెమ్మదించి, హారన్ కొట్టి, కాసేపు ఎదురుచూసి, వెళ్లిపోయింది. వాళ్లు తలెత్తి చూడలేదు.