రేకుల షెడ్డు కొలత

మూడో ఇంటి గోడ కొలిచి, టేపును తడిగుడ్డతో తుడుస్తూ చుట్టుకుంటున్నాడు టేపాయన. దుమ్ముతో చుడితే అంకెలు చెరిగిపోతాయని ఆయన భయం. ముప్పై ఏళ్లుగా పన్నుల ఆఫీసులో ఇళ్లు కొలవడమే పని. సన్నటి మనిషి. గోడల పక్కన వంగి వంగి ఎడమ భుజం కాస్త కిందికి జారింది. అసలు పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఈ ఏడు ఇంటిపన్ను ఒక్కసారిగా పెరిగింది. పెంచింది పైవాళ్లు, తిట్లు మాత్రం గుమ్మంలో నిలబడ్డవాడికి. పొద్దున ఒకావిడ మొహం మీదే తలుపు వేసింది. ఇంకొకాయన మెట్లు కూడా కొలుచుకోమన్నాడు, కావాలంటే మెట్ల నీడను కూడా రాసుకోమన్నాడు. టేపాయన గోడ వరకే కొలిచి రాసుకున్నాడు. కిందటి వారం తన ఇల్లు తనే కొలిచి, కొత్తగా కట్టుకున్న స్నానాలగదిని కూడా పుస్తకంలో రాసేశాడు. ఒక్క జానెడైనా తగ్గించలేకపోయారా అని భార్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, గోడ అంత పొడుగుంటే నేనేం చేసేది అన్నాడు. ఆవిడకు నవ్వొచ్చింది. అంతటితో కోపం పోయింది.

నాలుగో ఇల్లు రిటైరైన బస్సు డ్రైవరుది. పక్షవాతంతో మంచాన పడ్డ అన్నయ్యకు గాలీ వెలుతురూ తగలాలని పెరట్లో మూడు వైపులా గోడ లేపి, పైన రేకులు వేశాడు. రెండు నెలలు తన చేతులతోనే చేసుకున్నాడు. ఆ షెడ్డు లెక్కలోకి వస్తే పన్ను రెట్టింపవుతుంది. పెన్షన్‌తో కట్టలేడు. షెడ్డు విప్పేసి, అన్నయ్యను మళ్లీ కిటికీ లేని మధ్యగదిలోకి మార్చాల్సిందే.

టేపు రెండో కొస పట్టుకునే మనిషిని ఆఫీసువాళ్లు ఎప్పుడో తీసేశారు. ఇంటివాళ్లనే అడగాలి. డ్రైవరు చేతులు కట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

"నా నెత్తిన పడే పన్నుకు నేనే టేపు పట్టాలా?"

మంచం మీంచి అన్నయ్య చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వండి. ఈ చెయ్యి బాగానే ఉంది."

పదహారు అడుగుల పొడుగు, పది అడుగుల వెడల్పు. టేపాయన అలాగే రాసుకున్నాడు. డ్రైవరు గొంతు తగ్గించి, ఒక్క నాలుగడుగులు తగ్గిస్తే మీ సొమ్మేం పోతుంది అన్నాడు.

"నేను తగ్గిస్తే, రేపు వచ్చేవాడు పెంచుతాడు. అప్పుడు ఎవరికి చెప్పుకుంటారు?" అని, ఆయాసంగా ఉందేమో, స్టూలు లాక్కుని కూర్చున్నాడు టేపాయన. "తెల్లకాగితం ఉంటే ఇవ్వండి. మంచాన పడ్డ మనిషి ఉండే చోటుకు పన్ను మినహాయింపు ఉంది. అడిగితేనే ఇస్తారు. అర్జీ నేను రాస్తాను, మీరు సంతకం పెట్టండి."

డ్రైవరుకు నమ్మకం కుదరలేదు. ఇన్నిసార్లు ఆఫీసుకు తిరిగినా ఈ ముక్క ఎవరూ చెప్పలేదన్నాడు.  టేపాయన అప్పటికే షెడ్డు కిటికీ అంచున కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. ఆ వంగిన భుజాన్ని కాసేపు చూసి, డ్రైవరు లోపలికి వెళ్లి తనే టీ పెట్టాడు.

గ్లాసుతో తిరిగొచ్చేసరికి అన్నయ్య వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

"లేపకు. అలిసిపోయి తల వాల్చాడు."

డ్రైవరు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. టీ మీద మీగడ కట్టింది. అప్పుడు మెల్లగా టేపాయన భుజం తట్టాడు.

డాక్టరు వచ్చి నాడి చూసి, ఇక చేసేదేమీ లేదన్నాడు. టేపాయన భార్య వచ్చింది. ఏడవలేదు, ఆయన చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే పెట్టింది. ఆఫీసువాళ్లు టేపునూ కొలతల పుస్తకాన్నీ తీసుకెళ్లారు.

పది రోజుల తర్వాత డ్రైవరు ఆ అర్జీని వేరే కాగితం మీద ఎక్కించి, మిగిలింది తన మాటల్లో పూర్తిచేసి ఇచ్చాడు. షెడ్డుకు మినహాయింపు వచ్చింది. అన్నయ్య అక్కడే ఉన్నాడు.

మొదటి కాగితాన్ని మాత్రం డ్రైవరు ఎవరికీ ఇవ్వలేదు. అది అన్నయ్య మంచం పక్క గోడకు, మేకుకు గుచ్చి ఉంది. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా వరుస తప్పలేదు. 'అందువల్ల మా అన్నయ్య ఉంటున్న ఈ చోటును' అన్న దగ్గర రాత ఆగిపోయింది. అడుగున, సంతకం కోసం ముందే గీసి పెట్టిన చిన్న గీత ఖాళీగా ఉంది.