పావుగంట కదలని పిల్ల

కిటికీ రెక్క మూసి, గొళ్ళెం వదులైతే దానికి దూది ముక్క దోపి, నర్సమ్మ వెనక్కి తిరిగి గదంతా ఓసారి కలయజూసింది. బల్ల మీది కత్తెర, థర్మామీటరు, రబ్బరు గొట్టం తీసి బీరువాలో పడేసింది. నేల మీద అతికించిన టేపు గుర్తు దాకా కుర్చీని జరిపింది. అక్కడ కూర్చుంటేనే ముఖం తెరలో సరిగ్గా పడుతుంది. గురువారం తెర రోజు. ఎక్కడో పెద్దాసుపత్రిలో ఉండే పిల్లల మానసిక వైద్యురాలు వారానికో గంట ఈ చిన్న ఆసుపత్రికి ట్యాబ్‌లో కనబడుతుంది. నలుగురు పిల్లలు, తలా ఓ పావుగంట. ఆవిడ చెబితే ఇక్కడి కుర్ర డాక్టరు మందు రాస్తాడు, నర్సమ్మ బరువూ బీపీ చూస్తుంది. ఆ గంటసేపూ గదిలో గుండుసూది పడ్డా వినబడాలి. రెండేళ్ళుగా అలాగే ఉంచుతోంది, అదంటే ఆవిడకి కాస్త గర్వం కూడా. మెచ్చుకున్న పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

యాభై రెండేళ్ళ మనిషి. పొట్టి. మెట్లెక్కితే ఎడమ మోకాలు కిర్రుమంటుంది. చేతులు మాత్రం చూసి తీరాలి. వెడల్పాటి అరచేతులు, స్పిరిట్‌కి పాలిపోయిన వేళ్ళు. ఎంత గగ్గోలు పెట్టే పసివాడైనా ఆ చేతుల్లో పడితే సూది దిగిన సంగతి తర్వాతే తెలుసుకుంటాడు. ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆవిడ మీద ఓ పొగడ్త రాలేదు, ఓ ఫిర్యాదూ రాలేదు.

మూడో నంబరు పిల్ల తల్లితో వచ్చింది. ఎనిమిదేళ్ళది, ఇంట్లో తూనీగ అంటారు. బరువు మిషను ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది.

"ఒంటికాలి మీద నిలబడితే సగమే చూపిస్తుందా?" అంది. జవాబు వచ్చేసరికి పిల్ల అక్కడ లేదు. గోడ మీది కళ్ళ పరీక్ష అక్షరాలని కింది నుంచి పైకి చదువుతోంది.

తల్లి బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టే పని చేస్తుంది. సగం రోజు సెలవు పెట్టుకుని వచ్చింది. బ్యాగులోంచి ఓ కాగితం తీసి నర్సమ్మ చేతిలో పెట్టింది. బడి నుంచి వచ్చిన ఉత్తరం. పిల్ల కావాలనే మాట వినదట, పొగరట. రేపు పొద్దుటికి డాక్టరు కాగితం తెస్తే సరి, లేకపోతే టీసీ పట్టుకుపొమ్మన్నారు.

"ఇది మూడో బడి సిస్టరమ్మా. నడిచి వెళ్ళేంత దూరంలో ఇంకోటి లేదు," అంది తల్లి. "పోయినసారిలా మళ్ళీ చూద్దాం అంటే నా వల్ల కాదు."

మూడు నెలల కిందట జరిగింది అదే. పిల్ల తెర ముందు పావుగంట బొమ్మలా కూర్చుంది. టీచరు నింపాల్సిన ఫారం ఖాళీగా వచ్చింది. కొన్నాళ్ళు చూద్దాం అంది డాక్టరమ్మ. ఈసారి నర్సమ్మ ఊరుకోలేదు. టీచరుకి ఫోన్ మీద ఫోన్ చేసి, చీవాట్లు తిని మరీ ఫారం నింపించింది. కుదురుగా కూర్చోకపోవడం, చెప్పింది మరిచిపోవడం, అన్ని గడుల్లోనూ ఒకటే జవాబు: ఎప్పుడూ.

తలుపు మూసింది. పిల్లని టేపు గుర్తు మీది కుర్చీలో కూర్చోబెట్టి, తను పక్కన స్టూలు వేసుకుంది. "మా తల్లే, ఓ పావుగంట," అంటూ బల్ల కింద పిల్ల రెండు చేతులూ తన గుప్పిట్లోకి తీసుకుంది. ఎప్పుడూ చేసేదే. ఎవరో నేర్పింది కాదు. చిన్నప్పుడు ఇంటికి చుట్టాలొస్తే తమ్ముణ్ణి ఇలాగే పక్కన కూర్చోబెట్టుకునేది. వాడు లేస్తే నాన్న బెల్టు లేచేది మరి. ఆ తమ్ముడు ఏడో క్లాసుతో బడి మానేశాడు. నలభై ఎనిమిదేళ్ళొచ్చినా ఏ పనిలోనూ ఆర్నెల్లు నిలవడు. నేను పొగరుబోతునే అక్కా, అని తనే నవ్వుతూ చెప్పుకుంటాడు. ఆ నవ్వు వింటే నర్సమ్మకి ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో మాత్రం ఈనాటికీ తేలలేదు.

తెర వెలిగింది. డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుని, ఫారాలు తిరగేసి, పిల్లని చూసి, మళ్ళీ ఫారాలు చూసింది.

"టీచరు గారు రాసినదానికీ నాకు కనబడేదానికీ పొంతన లేదే. పాప బుద్ధిగా కూర్చుందిగా?"

బల్ల కింద పది వేళ్ళూ నర్సమ్మ గుప్పిట్లో చేపపిల్లల్లా కొట్టుకుంటున్నాయి. అరచేతికి చెమట పట్టింది. తల్లి కళ్ళప్పగించి తెర వంకే చూస్తోంది. అప్పుడు తట్టింది నర్సమ్మకి. ఛీ, నా బుద్ధి తగలెయ్య, అనుకుంది. డాక్టరమ్మ చూస్తున్నది పిల్లని కాదు, తన పట్టుని.

"నేను పట్టుకున్నానండీ," అంది.

"ఏమిటి?"

"చేతులు. బల్ల కింద. పోయినసారీ పట్టుకున్నాను." గుప్పిలి విప్పేసింది.

రెండు నిమిషాల్లో తెర ముందు ఖాళీ కుర్చీ మిగిలింది. తూనీగ తలుపు తీసుకుని వరండాలోకి తుర్రుమంది. ట్యాబ్ గది దాటకూడదని గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంది. నర్సమ్మ తల్లి వంక చూసింది. "తీసుకెళ్ళండి సిస్టరమ్మా," అంది తల్లి. నర్సమ్మ వైరు పీకి ట్యాబ్ చంకన పెట్టుకుంది.

"సిస్టర్! ఏం చేస్తున్నారు?" కుర్ర డాక్టరు అడ్డం వచ్చాడు. "రూలు తెలీదా?"

"తెలుసు. జరగండి."

వరండాలో బెంచీల నిండా జనం. నర్సమ్మ ట్యాబ్‌ని పిల్ల వైపు తిప్పి పట్టుకుంది. డాక్టరమ్మ తెరలోంచే పిల్లని పిలిచింది. "తూనీగా, ఆ తలుపు వేసి, కిటికీలో ఉన్న పుస్తకం తీసి అమ్మకివ్వమ్మా." పిల్ల పరుగున వెళ్ళి తలుపు వేసింది. పుస్తకం వైపు నాలుగడుగులు వేసి, బెంచీ మీది ముసలాయన కర్ర దగ్గర చతికిలబడింది. కర్ర అడుగున రబ్బరు సగం ఊడి వేలాడుతోంది. "తాతా, జారి పడతావు," అంటూ రెండు చేతులతో నొక్కి బిగించింది. పొద్దుటి నుంచీ ఆ కర్ర అందరి ముందే ఉంది, ఒక్కరూ చూసుకోలేదు.

డాక్టరమ్మ నవ్వింది. "నిన్నేం తెమ్మన్నాను?"

పిల్ల ముఖం వాడిపోయింది. "తలుపు... ఇంకేదో. నేను వింటానండీ. విన్నది మధ్యలో పోతుంది."

తల్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళలో కూతురు ఆ మాట ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

పదకొండు నిమిషాలు చూసింది డాక్టరమ్మ. పసితనం నుంచీ ఎలా ఉండేదో తల్లిని అడిగింది, నిద్ర గురించి అడిగింది. చివరికి తెరకి దగ్గరగా వంగి, "ఇది పొగరు కాదమ్మా, నీ పెంపకం తప్పూ కాదు. ధ్యాసా కుదురూ నిలవకపోవడం. ఏడీహెచ్‌డీ అంటారు, మనం చూసుకోవచ్చు," అంది. బడికి ఉత్తరం అప్పటికప్పుడే పంపింది: ముందు బెంచీలో కూర్చోబెట్టండి, ఒకసారికి ఒక్క పనే చెప్పండి. కుర్ర డాక్టరుకి మందు చెప్పింది. చిన్న మోతాదుతో మొదలు, వారం వారం బరువూ బీపీ. ఆ తర్వాత నర్సమ్మని అడిగింది. "ఇంకెంతమందిని పట్టుకున్నారు?"

"అందరినీ," అంది నర్సమ్మ. అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "చూద్దాం అనిపించుకుని వెళ్ళినవాళ్ళు పదకొండు మంది. నాకు ముఖాలు గుర్తున్నాయి."

తల్లి ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. "రేపు నేనే పట్టుకెళ్ళి బల్ల మీద కొడతా," అంది. పిల్లని రెక్క పట్టుకుని వెళ్ళిపోయింది.

కుర్ర డాక్టరు కోపం మధ్యాహ్నానికీ తగ్గలేదు. "పది మందిలో చూపించారు. పైకి రాయాలి నేను."

"రాయండి. అక్షరం పొల్లు పోకుండా రాయండి."

రాశాడు. నాలుగున్నరకి ఫోన్ వచ్చింది. రేపటి నుంచే ఆవిడ వేరే ఆసుపత్రిలో టీకాల గదికి వెళ్ళాలి. ఆ ముక్క చెబుతూ అతను కిటికీ వంక చూశాడు. తను రాస్తే ఇంత దూరం వస్తుందనుకోలేదు పాపం.

నర్సమ్మ నేల మీది టేపు గుర్తు వంక ఓసారి చూసింది. ఇరవై తొమ్మిదేళ్ళు మరి. మరుక్షణం రోషం ముంచుకొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని, పదకొండు పేర్లూ ఇళ్ళ గుర్తులతో సహా రాసి, అతని ముందు పెట్టింది.

"అందరినీ మళ్ళీ పిలవండి బాబూ. తలుపు తీసే ఉంచండి. వీళ్ళలో ఒక్కరినైనా వదిలేశారో, సెలవు పెట్టి మరీ వచ్చి ఇదే వరండాలో కూర్చుంటా."

అతను కాగితం రెండుసార్లు చదివాడు. "పిలుస్తాను," అన్నాడు. "ఒట్టు."

టీ కప్పు, గొడుగు సంచిలో వేసుకుని ఆవిడ ఎప్పటి బస్సుకే వెళ్ళిపోయింది. వీడ్కోలూ లేదు, దండా లేదు. తాళం వెయ్యడానికి కుర్ర డాక్టరు వరండాలోకి వస్తే, బెంచీ కింద పిల్లల నీళ్ళ సీసా ఒకటి పొర్లి ఉంది. తీసి చూశాడు. సగం నీళ్ళున్నాయి. సీసా మీద ఎర్ర గోళ్ళరంగుతో ఓ ఫోన్ నంబరు, దాని కింద వంకర అక్షరాలతో తల్లి రాత: 'మా పాపది. మళ్ళీ పారేసుకుంటుంది. తిట్టకుండా ఫోన్ చెయ్యండి.'