చెట్ల నీళ్లు

కాగుతున్న చాయ్‌లో బెల్లం వేస్తే పాలు విరిగాయి. దాని మీద ఆ పొద్దున మా ఇంట్లో గొడవ.

"విరుగుతయని ముందుగాలనే చెప్పిన. చక్కెర ఉండంగ గీ బెల్లం ఎందుకు?" అన్నాను.

"గుర్వయ్య బెల్లం చాయే తాగుతడు. ఆయనింట్ల విరుగుతలేవు గద," అన్నారు మా ఆయన లక్ష్మీనర్సయ్య.

మా అత్తయ్య వెంకటనర్సమ్మ గడప దగ్గర కూర్చుని వక్క కత్తిరిస్తోంది. "మొన్న చెప్పులు ఇడిసినవ్. నిన్న బండల మీద పండుకున్నవ్. గాయన గోచి పెట్టుకుంటడట. రేపు బట్టల దుకాణంల గోచి మీద కూసుంటవా కొడుకా?"

నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. విరిగిన చాయ్‌నే పంతానికి తాగేసి దుకాణానికి వెళ్లిపోయారు.

మాది మగ్గం వదిలి నల్లగొండలో బట్టల దుకాణం పెట్టుకున్న ఇల్లు. ఆ ఏడు దుకాణంలో బట్టల కన్నా గుర్వయ్య మాటలే ఎక్కువ నడిచాయి. గుర్వయ్య ఒకప్పుడు దొర బావిలో వెట్టికి రాళ్లు మోసిన మనిషి. వేలిముద్ర తప్ప రాత తెలియదు. దేవరకొండ తోవలో అతనికి రాళ్ల పడావు భూమి కొంత దక్కింది. ఆ చుట్టుపక్కల బావి మొదలుపెట్టిన వాళ్లంతా బండ తగలగానే ఆపేశారు. అతను ఆపలేదు. నందికొండ డ్యాం పనిలో మందు పేల్చడం నేర్చిన వాళ్లను పిలిపించి బండ కింది బండనూ పగలగొట్టించాడు. ఇప్పుడతని బత్తాయిలు లారీల్లో హైదరాబాదుకు పోతున్నాయి.

అతని తోటకు ఆనుకునే మా పుట్టింటివాళ్లు నాకు పసుపుకుంకుమల కింద ఇచ్చిన మెట్ట చెలక ఉంది. అందులో బావి తవ్వి, ఇల్లు కట్టి, మమ్మల్నందరినీ అక్కడికి మార్చాలని మా ఆయన కోరిక. మా రాజమణికి అప్పుడు నాలుగేళ్లు. "బిడ్డ తోటల పెరుగుతది. మన బాయి నీళ్లు తాగుతది," అని మురిసేవారు.

ఆయన కన్నా ఎక్కువ మురిసింది ఇస్రాయేలు. మా దుకాణంలో మూటలు మోస్తాడు. అతని భార్య మరియమ్మ మా ఇంట్లో పనిచేస్తుంది. వాళ్ల చిన్నబిడ్డా రాజమణీ ఒకే ఈడు. "వెట్టి జేసినోడే గంతటోడైతే, మూటలు మోసెటోడు గాడా అమ్మా?" అనేవాడు నాతో.

నేను అడ్డం చెప్పలేదు. జాగా నాది కనుక ముందు ఆ తోట చూసి వస్తానన్నాను. ఆ వారమే మా ఆయనా, నేనూ, రాజమణీ వెళ్లాం.

దారి పొడుగునా ఎండిన గడ్డి, నల్ల బండలు. తోటలో అడుగు పెట్టగానే చల్లదనం. ఆకుల మధ్య కాయలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. గుర్వయ్య ఎదురొచ్చాడు. మమ్మల్ని చూడడానికి మెడ తిప్పలేదు, తలుపు తిరిగినట్టు మనిషంతా తిరిగాడు. రాళ్లు మోసిన మెడ కదా అనుకున్నాను. అంతలో ఇంజను దగ్గరి పడుచువాడు కూడా అట్లాగే తిరిగాడు.

అప్పటి నుంచి చూడడం మొదలుపెట్టాను. కాయలు తెంపే ఆడవాళ్లు నవ్వుతూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటున్నారు. కొంగు జారినప్పుడు పళ్ల మీద తుప్పు రంగు చారలు. గట్టు మీది పిల్లల మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. అది అన్నం వేళ. మన దగ్గర పనివాళ్లు గొంతుక్కూర్చునే కదా ముద్ద తింటారు. అక్కడ ఎవరూ గొంతుక్కూర్చోలేదు. కొందరు కాళ్లు బారజాపి, కొందరు చెట్టుకు ఆనుకుని నిలబడి తింటున్నారు.

మా ఆయన ఇవేవీ చూడలేదు. "అసలు నీ కిటుకేంది గుర్వన్నా?" అని అడుగుతున్నారు.

"కిటుకేముంది సేటూ. బండ తగిలినంక అందరు ఇండ్లకు పోయిన్రు. నాకు ఇల్లు లేకుండె, నేను పోలె." గుర్వయ్య తన మాటకు తనే నవ్వాడు. "లోతుకు పో. అందరు ఆగిన కాణ్నుంచే మన పని మొదలు."

రాజమణి కాలువలో దోసిలి ముంచింది. గుర్వయ్య కోడలు సుగుణమ్మ ఎక్కడి నుంచి చూసిందో, పరుగున వచ్చి పిల్ల చేతులు విడదీసి నీళ్లు పారబోసింది. ఇంట్లోంచి చెంబు తెచ్చి ఇచ్చింది.

"వాగు నీళ్లమ్మా, బండి మీద తెప్పిస్తం. గవి చెట్ల నీళ్లు."

"మరి పనోళ్లు?"

"పనోళ్లకు గూడ బండి నీళ్లేనా అమ్మా!" అంది, నేనేదో పరాచికమాడినట్టు.

ఆమె వెనక, చీకటి గదిలో, మంచం మీద ఒక మనిషి ముడుచుకుని ఉన్నాడు. నా చూపు ఎటుపోయిందో గుర్వయ్యకు తెలిసింది.

"మా పెద్దోడు, బిడ్డా. మొదట్ల మేం గూడ బాయి నీళ్లే తాగినం. పట్నం డాక్టర్లు వచ్చి నీళ్లు సీసాల్ల పట్టుకపోయిన్రు. లోతు నీళ్లల్ల ఏదో ఉన్నదట, ఎముకలను పట్టుకుంటదట. గప్పటికే వాడు పడ్డడు." తన చెట్టు వంక చూడబోయాడు. మెడ లేవలేదు. కొమ్మను చేత్తో తడిమాడు. "చెట్టుకు ఎముకలు లేవు గద సేటూ. కాపుకు ఫికర్ లేదు."

వచ్చేటప్పుడు బస్సులో మా ఆయన రాజమణిని ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. దారంతా పిల్ల మోకాళ్ల మీద అరచేయి వేసే ఉంచారు. ఆయనకు అర్థమైందనుకున్నాను.

మరునాడు మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్నాం. ఇస్రాయేలు కూడా వసారాలో కంచం ముందు ఉన్నాడు. మరియమ్మ వాకిట్లో చాటతో బియ్యం చెరుగుతోంది.

"ఒక మాట చెప్తున్న, అందరు ఇనుండ్రి," అన్నారు మా ఆయన. "మనం ఆడికి పోతలేం. గీడనే ఉంటం."

"నా కొడుకుకు బుద్ధొచ్చింది," అంది అత్తయ్య.

"బాయి మాత్రం ఆపుతలేను. గుర్వయ్యకన్న లోతుకు పోత. తోటల ఇస్రాయేలు ఉంటడు, పెండ్లాం పిల్లలతోటి. గుడిసె ఏపిస్త. వచ్చే నెల పోతరు."

ఇస్రాయేలు ఎంగిలి చేత్తోనే లేచి దండం పెట్టాడు. "సేటూ, నేను గూడ ఒకనాడు గుర్వయ్యనైత, సూడుండ్రి!"

"అయితవ్ తియ్యి. ఆయన గూడ గట్లనే మొదలువెట్టిండు."

మరియమ్మ చాట పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "ఆడ నీళ్లు మంచిగుంటయా అమ్మా? పిల్లగాండ్లతోటి పోవాలె గద."

మా ఆయన నన్ను చూశారు. చెప్పొద్దనే చూపు అది. అత్తయ్యకు చారు పోయబోతున్న గరిటెను గిన్నెలోనే వదిలేశాను.

"లేదు మరియమ్మా. ఆ నీళ్లు మనుషులు తాగెటియి గావు. గుర్వయ్య కొడుకు గవి తాగే మంచాన పడ్డడు."

ఇస్రాయేలు దండం పెట్టిన చేతులు దించేశాడు.

"ఏందే, పనోళ్ల ముంగట?" మా ఆయన గొంతు లేచింది. "ఊర్లకు ఊర్లే తాగుతున్నయ్. అందరు పడ్డరా?"

"అయితే మేమూ తాగుతం. నేనూ రాజమణీ గూడ తోటల్నే ఉంటం," అన్నాను.

ఆయన నవ్వబోయారు. "బెదిరిస్తున్నవా?"

"లేదు. జాగ నాది. ఆడ ఎవలుంటరో చెప్తున్న."

"పిల్లతోటి పందాలేందే తల్లీ," అంది అత్తయ్య, కంచంలో చెయ్యి అట్లాగే ఉంచి.

"పందెం గాదత్తా. మరియమ్మ బిడ్డ ఏ కుండల ముంచుకుంటే నా బిడ్డ గదే కుండల ముంచుకుంటది. వాగు నుంచి బండి కట్టిస్తే అందరికి కట్టియ్యాలె. కట్టియ్యకుంటే అందరం బాయివే తాగుతం. వచ్చే నెల మరియమ్మతోటే మేమూ ఎల్తం."

ఆయన ఎడమచేయి, బస్సులో లాగే, అన్నం కలుపుకుంటున్న రాజమణి మోకాళ్ల మీదకు పోయింది.