పంటు మీద అల్లిన పువ్వు

నర్సాపురంలో మా అత్త ఇంటి నుంచి గోదావరి రేవుకి నడిచి ఏడు నిమిషాలు. ఆవిడ పుట్టిందీ ఆ ఊళ్లోనే, పెళ్లయిందీ ఆ ఊళ్లోనే, ఇప్పుడు యాభై రెండేళ్లు. కానీ పదకొండో ఏటి తర్వాత ఆవిడ ఒక్కసారి కూడా గోదావరి దాటలేదని నాకు మొన్న సెప్టెంబరులోనే తెలిసింది, అదీ దాటక తప్పని రోజు వచ్చాక!

నేను వినీల. హైదరాబాదులో డిగ్రీ పూర్తిచేసి, చేతిలో ఫోనూ బుర్రలో వంద ఐడియాలతో జూన్‌లో ఇక్కడికి వచ్చిపడ్డాను. మా అత్త సంపూర్ణమ్మ లేసు పని చేయిస్తుంది. సన్నటి దారంతో, కొసన కొక్కెం ఉన్న సూదితో అరచేతిలో పట్టే పువ్వులు అల్లి, వాటిని పక్కపక్కన కలిపి టేబుల్ క్లాత్‌లు చేస్తారు. ఇరవై ఆరేళ్లుగా ఆవిడ చేయించిన సరుకంతా షావుకార్లకే వెళ్లేది, వాళ్ల పేరు మీదే అమ్ముడయ్యేది. నేను ఫొటోలు తీసి ఇన్‌స్టాలో పెట్టాను. ఆగస్టులో పాండిచ్చేరి హోటల్ వాళ్లు నేరుగా మాకే ఆర్డరిచ్చారు, పన్నెండు టేబుల్ క్లాత్‌లు, ఒక్కోదానికి నలభై పువ్వులు. అత్త కళ్లద్దాలు తుడుచుకుని ఆ మెసేజ్‌ని నాతో రెండుసార్లు చదివించుకుంది.

"సంపూర్ణమ్మ గారికి అనే రాశారా? షావుకారు గారి పేరు కాదూ?"

"నీ పేరే అత్తా!"

"అయితే చెడితే తిట్టేదీ నన్నేనన్నమాట," అంది, కానీ ఆ రోజంతా ఆవిడ నవ్వు ఆగలేదు.

సగం పువ్వులు ఇక్కడి ఆడవాళ్లు అల్లుతారు. మిగతా సగం గోదావరికి అవతల, సఖినేటిపల్లిలో పద్ధెనిమిది మంది అల్లుతారు. అక్కడివాళ్లకి కాగితం మీద రాసిచ్చే పద్ధతే లేదు. అత్త ఒక పువ్వు అల్లి పంపిస్తుంది. వాళ్లు తాము అల్లినదాన్ని దాని మీద పెట్టి చూసుకుంటారు, అంచుకి అంచు సరిపోతే పువ్వు సరైనట్టు. అంతే! మధ్యలో ఆ పువ్వునీ దారాన్నీ సరుకునీ మోసేది దొరబాబు, అత్త దగ్గర పదేళ్లుగా పనిచేస్తున్న ఏజెంటు. బండితో సహా పంటు ఎక్కి అవతలికి వెళ్లి వస్తాడు. పంటంటే మనుషుల్నీ బళ్లనీ కార్లనీ కూడా ఎక్కించుకుని ఏరు దాటించే పెద్ద ఇనుప బల్లకట్టు.

సరుకు పంపడానికి పది రోజులుందనగా దొరబాబు అవతలి మూట తెచ్చాడు. అత్త ఒక పువ్వు తీసి, ఇవతలి పువ్వు పక్కన పెట్టి, కలిపి కుట్టి నేల మీద పరిచింది. అంచులు వేయించిన అప్పడంలా పైకి లేచిపోయాయి. ఇంకోటి కుట్టింది, అదీ అంతే. అవతల నుంచి వచ్చిన రెండొందల నలభై పువ్వుల్లో ఒక్కొక్కటీ చిటికెన వేలి వెడల్పంత ఎక్కువ ఉంది.

"దొరబాబూ, నేనిచ్చిన శాంపిలు ఏదయ్యా?"

దొరబాబు జేబులోంచి తీసి ఇచ్చాడు. అది తెల్లగా, బిర్రుగా, అట్టముక్కలా మెరుస్తోంది.

"ఇదేంటిది?"

"ఆయ్, పంటు మీద టీ ఒలికిందండి. మా ఆవిడ చూసి, అయ్యో సంపూర్ణమ్మ గారి పువ్వు ఇలాగా అని చక్కగా ఉతికి, గంజెట్టి, నాలుగు పక్కలా లాగి ఇస్త్రీ చేసిందండి. మీరు మెచ్చుకుంటారనుకున్నానండి."

"మెచ్చుకుంటానయ్యా, పిలిచి పాయసం పెడతాను!"

నాకు నవ్వొచ్చింది, అత్త ముఖం చూసి ఆపేసుకున్నాను. అవతలివాళ్లు చేసిన తప్పేం లేదు. సాగిన పువ్వు మీద పువ్వు పెట్టి చూసుకున్నారు. దాని అంచు అందుకోవడానికి ప్రతి రేకుకీ రెండేసి కుట్లు ఎక్కువ వేశారు. పైవరస విప్పి మళ్లీ అల్లితే సరిపోతుంది, కానీ పద్ధెనిమిది మంది, పది రోజులు! దొరబాబు ఆ కబురు పట్టుకెళ్లి సాయంత్రానికి ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"విప్పరంటండి. ఉన్నదున్నట్టు అల్లాం, మాదేంటి తప్పు అంటున్నారండి. మీరు చెప్పమన్నారన్నా నమ్మట్లేదండి. వాళ్లలో పెద్దావిడ రత్నమాణిక్యం గారైతే, అసలు ఈ సంపూర్ణమ్మ గారనే మనిషి ఉందా, నువ్వు పేరెట్టుకుని తిరుగుతున్నావా అని అడిగారండి. చెప్పేదుంటే ఆవిణ్ణే వచ్చి చెప్పమన్నారండి."

వీడియో కాల్ చేద్దామన్నాను. చేశాం కూడా. ఫోను తెర మీద అత్త వేళ్లు, అటువైపు పద్ధెనిమిది ముఖాలు. అత్త అయిదు నిమిషాలు అల్లి చూపించి సూది కింద పెట్టేసింది. "దారం ఎంత బిగించాలో తెర మీద ఎలా కనిపిస్తుందే? వేలు పట్టుకుని చెప్పాలి." నన్ను పంపమన్నాను. "నీకు గొలుసు కుట్టే రాదు కదమ్మా," అంది. నిజమే, రాదు!

మరి నువ్వే వెళ్లొచ్చు కదా అన్నాను. అప్పుడు చెప్పింది. పదకొండేళ్లప్పుడు, అవతలి ఊళ్లో సువార్త కూటాలకి వెళ్లి చిన్న పడవలో తిరిగొస్తుంటే గాలి లేచింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. అందరూ ఒడ్డుకి చేరారు, అత్త పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్న వీరమ్మ తప్ప. ఇద్దరిదీ ఒకే తరగతి. అంతే చెప్పింది.

"చించినాడ వంతెన మీద బస్సుంది కదా అత్తా, చుట్టుతిరుగుడైనా సరే..."

"ఎక్కానే, ఆరేళ్ల కిందట. కళ్లు మూసుకున్నాను. వంతెన మొదట్లోనే అరిచి బస్సాపించి దిగి, వెనక్కి పాలకొల్లు దాకా నడిచొచ్చాను." కింద పెట్టిన సూది తీసి సంచీలో వేసుకుంది. "బస్సయితే ఆపించి దిగిపోతాను. పంటయితే మధ్యలో దిగలేను. పంటే ఎక్కుతాను."

ధైర్యం అంటే భయం లేకపోవడమని నేను ఎన్ని వీడియోల్లో విన్నానో! ఈవిడేమో తన భయాన్ని నాడి పట్టినట్టు పట్టుకుని, అది ఎక్కడ పారిపోతుందో ముందే కనిపెట్టి, ఆ దారి మూసేస్తోంది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి రేవులో ఉన్నాం, నేనూ అత్తా, అవతలి పువ్వుల మూట పెట్టిన బండి తోసుకుంటూ దొరబాబూ. వరద తీసి పంటు మళ్లీ వదిలి రెండు రోజులే అయింది. నీళ్లు ఇంకా ఎర్రమట్టి రంగులోనే ఉన్నాయి. అబ్బా, ఆ వెడల్పు! అవతలి ఒడ్డున కొబ్బరిచెట్లు పెన్సిలు గీతల్లా ఉన్నాయి, మధ్యలో అంతా కదిలిపోయే నేల. ఎక్కడెక్కడి కొండల్లోంచి మోసుకొచ్చిన దుంగలూ గుర్రపుడెక్కా తేలుతూ సముద్రంలోకి పోతున్నాయి. చప్పుడు లేదు. అంత పెద్దది అంత నిశ్శబ్దంగా వెళ్లిపోతోంది.

అత్త ఇనుప పలక మీద ఒక కాలు పెట్టింది. రెండో కాలు రాలేదు. వెనక బళ్లవాళ్లు హారన్లు కొట్టారు.

"ఎక్కుతారా, ఫొటో దిగుతారా అమ్మగారూ?" ఎవరో అరిచారు.

"ఎక్కుతానయ్యా, నువ్వు ముందు ఆ కూత ఆపు!" అని గదిమి, ఆ కోపంలోనే ఎక్కేసింది.

ఇంజను మోగింది. అత్త పంటు మధ్యలో, ఒక కారు చక్రానికి ఆనుకుని కూలబడింది. నీళ్లవైపు చూడలేదు. పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన. తర్వాత సంచీలోంచి సూదీ దారం ఉండా తీసి అల్లడం మొదలుపెట్టింది! దారం జారుతోంది, మళ్లీ పట్టుకుంటోంది. నడి ఏట్లోకి వచ్చేసరికి ప్రవాహం పంటుని ఒక పక్కకి నెట్టింది, ఇనుము కిర్రుమంది. అత్త గట్టిగా కళ్లు మూసుకుంది. ముఖమంతా చెమట. కానీ వేళ్లు ఆగలేదు. చూడకుండానే, కుట్టు తర్వాత కుట్టు, లోపలికి ఒకటి, బయటికి ఒకటి. చుట్టూ అంత గోదావరి పరిగెడుతుంటే ఆవిడ ఒడిలో ఒక తెల్లటి పువ్వు రేకు తర్వాత రేకు వస్తోంది. దొరబాబు కూడా నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నాకు ఫొటో తీయాలన్న ఆలోచన కూడా రాలేదు, అదీ నాకు!

అవతలి రేవులో దిగి ఒడ్డున వాంతి చేసుకుంది. నోరు కడుక్కుని, చీర సర్దుకుని, "ఏదయ్యా వాళ్ల ఇల్లు?" అంది.

రత్నమాణిక్యం గారి వాకిట్లో చాపలేసి ఆడవాళ్లంతా కూర్చుని ఉన్నారు. ఆవిడకి అరవై దాటాయి, సన్నగా చువ్వలా ఉంది, మాట మాత్రం కత్తి.

"మీరేనాండీ సంపూర్ణమ్మ గారు? ఫోన్లో ఇంకా పొడుగ్గా ఉన్నారే!"

"పంటు మీద సగం కరిగిపోయానండి."

ఎవరో కిసుక్కుమన్నారు. రత్నమాణిక్యం గారు నవ్వలేదు. అత్త చేతిలోని పువ్వు లాక్కుని చూసి, గోటితో మీటి, నుదురు చిట్లించింది.

"ఇదేంటండీ, రాయిలా బిగుసుకుపోయింది? ఎవరు అల్లారు ఈ కర్మ?"

"నేనేనండి. ఇప్పుడే, పంటు మీద. నీళ్లంటే నాకు చచ్చేంత భయమండి. పదకొండో ఏటి తర్వాత ఇదే దాటడం."

ఇరవై ఆరేళ్లు పని చేయించిన మనిషి ఇలా పద్ధెనిమిది మంది ముందు తన భయాన్ని అరచేతిలో పెట్టి చూపిస్తుందని నేననుకోలేదు. ఆ పువ్వు చేతులు మారింది, ఒకావిడ దాన్ని వేలితో నొక్కి, "పాపం," అంది మెల్లగా.

అత్త సంచీలోంచి ఆ గంజి పువ్వు తీసి దాని పక్కన పెట్టింది. "ఇది మా దొరబాబు భార్య ప్రేమ." ఈసారి అందరూ నవ్వారు, దొరబాబు తల గోక్కున్నాడు. "మీ తప్పు లేదండి. పువ్వు పంపించి చేతులు దులుపుకున్నదాన్ని నేను. ఇప్పుడు అల్లుతాను, పక్కన కూర్చుని చూడండి." చాప మీద కూర్చుంది. ఒక్కొక్కళ్ల వేలికీ దారం చుట్టి, ఇంత లాగు, ఇంత వదులు అని చెప్పింది. తర్వాత మూట విప్పి మొదటి పువ్వు పైవరస తనే విప్పడం మొదలుపెట్టింది. రెండోది. మూడోది. నాలుగోది రత్నమాణిక్యం గారు తీసుకుంది. మాట్లాడకుండా దారం లాగింది, రేకులు సర్రున విడిపోయాయి. ఆ తర్వాత వాకిట్లో ఎక్కడ చూసినా విడుతున్న దారమే.

మధ్యాహ్నం అన్నాలయ్యాక రత్నమాణిక్యం గారు అసలు మాట బయటపెట్టింది.

"విప్పి అల్లేస్తాం, మీ గడువుకి ఇచ్చేస్తాం. కానీ ఇకమీదట మీతో పని చెయ్యాలంటే వారం వారం మీరే రావాలి. మా చేతులు మీరు చూడాలి, మీ చేతులు మేం చూడాలి. మధ్యలో టీలూ గంజిలూ మాకొద్దు."

"వారం వారమాండీ?" అంది అత్త.

"భయమైతే మానెయ్యండి. మాకూ భయమేనండి. మా ఆయన రోజూ వేటకి సముద్రం మీదకి పోతాడు. నేనేమన్నా నిద్రపోతానేంటి?"

అత్త వాకిట్లోంచి కనిపిస్తున్న గోదావరి వైపు చూసింది. ఆ రోజు ఆవిడ నీళ్లవైపు చూడటం అదే మొదటిసారి. నేను లోపల్లోపల లెక్కలేసుకుంటున్నాను, వద్దంటే ఏమవుతుంది, మళ్లీ షావుకార్ల గుమ్మమేనా అని. ఆవిడ మాత్రం, "మంగళవారాలు వస్తాను. ఆదివారం గుడిలో ప్రార్థన, సోమవారం దారం కొనాలి," అంది, కూరగాయల బేరం తేల్చినట్టు.

పువ్వులు ఎనిమిదో రోజుకే వచ్చాయి. కలిపి కుట్టి పరిస్తే నేలకి అతుక్కున్నట్టు చదునుగా కూర్చున్నాయి. పాండిచ్చేరి పార్సిలు వెళ్లిపోయింది.

ఆ తర్వాత వచ్చిన మొదటి మంగళవారం పొద్దున్నే లేచి నేను చెప్పులేసుకుంటుంటే అత్త గుమ్మంలో అడ్డం నిలబడింది.

"నువ్వు రావొద్దు వినీ."

"అదేంటత్తా! ఒక్కదానివే ఎలా?"

"నువ్వుంటే నీ చెయ్యి పట్టుకుంటాను. అలవాటైపోతుంది."

రేవు దాకా మాత్రం రానిచ్చింది. ఈసారి కూడా ఒక కాలు పెట్టి ఆగింది, కానీ హారన్లు మోగకముందే రెండోది పెట్టింది. పాలక్యాన్ల పక్కన నిలబడింది, కూర్చోలేదు. ఒక చెయ్యి రెయిలింగు మీద, వేళ్లు తెల్లబడేంత గట్టిగా. పంటు కదిలింది. ఎర్రటి నీళ్ల మీద అది అగ్గిపెట్టెంత, తర్వాత గింజంత అయింది. అత్త చీర రంగు ఇంకా కనిపిస్తోందో లేదో కూడా తెలియలేదు. ఇరవై రెండేళ్లలో గోదావరిని చూసి భయపడటం నాకు అదే మొదటిసారి. పంటు అవతలి ఒడ్డుకి ఆనిందని రేవులో ఎవరో అనేదాకా నేను అక్కణ్నుంచి కదల్లేదు.