నాన్న ఎగరేసిన బిళ్ళ

నాకు అదృష్టం ఎక్కువని చిన్నప్పటినుంచీ నా నమ్మకం. దానికి సాక్ష్యం నాన్న దగ్గరున్న వెండి బిళ్ళ. బస్సులో కిటికీ పక్క సీటు అక్కకా నాకా, కొత్త పెన్సిలు ఎవరికి అని గొడవ ముదిరితే, నాన్న గడియారాలు బాగుచేసే బల్ల దగ్గరనుంచి లేచొచ్చి ఆ బిళ్ళ ఎగరేసేవాడు. పెద్దదని ముందు అక్కను అడిగేవాడు. అక్క "బొమ్మ" అనేది. నాకు బొరుసు మిగిలేది, బొరుసే పడేది. నేను ఇల్లంతా గంతులేస్తుంటే అక్క మూతి ముడుచుకునేది. బిళ్ళను మాత్రం నాన్న ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఇప్పుడు తలుచుకున్నా ఆయన వేళ్ళ నూనె వాసన ముక్కుకు తగులుతుంది.

నాన్న పోయాక ఆయన నాణేల పెట్టెను వేలానికి ఇద్దామనుకున్నాం. అక్కది ఒకటే షరతు.

"ఆ బిళ్ళొక్కటీ ఉంచుకుందాంరా."

"అదే కదక్కా అసలుది! మిగతావన్నీ చిల్లర," అన్నాను.

వేలం కంపెనీలో నాణేలు చూసే ఆవిడ, బల్లమీద నల్లగుడ్డ పరిచి, భూతద్దం పట్టుకుని ఒక్కోటీ చూసింది.

"తోమకుండా తెచ్చారు, మంచిపని చేశారు. తోమితే ధర పడిపోతుంది. మామూలువన్నీ కలిపి ఒకే లాట్‌గా పెడతాం. ఈ రాగివి విడిగా, ఫోటోలతో కేటలాగ్‌లో వేస్తాం. ఇంతకు తగ్గితే అమ్మొద్దని మీరు చెప్పొచ్చు. మరీ ఎక్కువ చెప్పారనుకోండి, ఎవరూ కొనక మీ ఇంటికే వస్తాయి. అమ్ముడైతే మా కమీషన్ పోను మిగతాది మీకు. నెలలు పడుతుంది, తొందరపడకండి."

"ఇదిగోండి అసలు సరుకు," అంటూ బిళ్ళ తీశాను. నాన్న దాన్ని బొరుసు పైకి కనిపించేలా అట్టలో బిగించి పెట్టాడు. అక్క గబుక్కున దానిమీద చెయ్యి పెట్టింది.

"వద్దురా, నా మాట విను."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ చెయ్యి తీసేసి బిళ్ళను ముందుకు జరిపాను.

ఆవిడ అట్ట విప్పి బిళ్ళను తిప్పింది. మళ్ళీ తిప్పింది. అంచును దీపం కింద పెట్టి చూసి నవ్వింది.

"ఇది మేం తీసుకోలేమండీ. రెండు బిళ్ళలు అరగదీసి అతికించారు. రెండువైపులా బొరుసే. పనితనం మాత్రం గొప్పది."

నా మొహం మాడిపోయింది. ఆ పనితనం ఎవరిదో ఒకరు చెప్పక్కర్లేదు.

మిగతావాటికి రసీదు తీసుకుని మెట్లు దిగుతూ అడిగాను.

"నీకు తెలుసా?"

"ఎప్పుడో తెలుసు. చొక్కా ఉతుకుతుంటే జేబులో దొరికింది."

"మరి నువ్వే బొరుసు కోరుకోవచ్చుగా!"

"కోరుకుంటే? ఓడిపోయి నువ్వు ఇల్లు పీకి పందిరేస్తే, నిన్ను ఎత్తుకు తిరగాల్సింది ఎవరు? నాన్నకి పని, అమ్మకేమో ఒంట్లో బాగుండేది కాదు." సంచీ భుజాన సర్దుకుంటూ అంది, "అయినా గెలిస్తే ఎలా గంతులేసేవాడివిరా! కిటికీ సీటుకన్నా నాకదే బాగుండేది."

జుట్టు నెరిసినవాణ్ణి, అక్కడే నిలబడి ముక్కు చీదుకున్నాను. ఇన్నేళ్ళూ నేను కోతలు కోసిన అదృష్టం అక్క పెట్టిందే.

"ఇప్పుడు బిళ్ళ ఎవరిది? ఎగరేద్దామా?" అన్నాను.

"బొమ్మ," అంది అక్క, ఎప్పట్లాగే.

ఎగరేసి పట్టుకుని, గుప్పిట మూశాను. తెరవలేదు.

"బొమ్మే పడింది," అని బిళ్ళను అక్క సంచీలో వదిలేశాను. మోకాళ్ళ నొప్పులు లేకపోతే అక్క ఆ మెట్లమీదే గంతేసేది.