ఎడమ పలక

నేను ఒక ఊగుడు మిషనుని. కాలనీ పార్కులో జారుడుబల్ల దాటాక, నీలం రంగు స్తంభానికి రెండు ఇనుప కాళ్ళు వేలాడుతూ కనిపిస్తాయే, అది నేనే. ఒక్కో కాలి కింద ఒక్కో పలక. వాటి మీద నిలబడి, పైన కడ్డీ పట్టుకుని, కాళ్ళు ముందుకీ వెనక్కీ ఆడించాలి. ఒళ్ళు బాగుపడుతుందట. నిజమో అబద్ధమో నన్నడక్కండి, నేను ఇనుముని.

ఎక్కడో ఒక షెడ్డులో నన్ను కోసి, వెల్డింగ్ చేసి, రంగు కొట్టి లారీ ఎక్కించారు. ఇక్కడ సిమెంటులో పాతారు. ప్రారంభం రోజున ఒక పెద్దాయన రిబ్బను కత్తిరించి నా మీదెక్కాడు. ఫొటో తీసేదాకా ఊగి దిగిపోయాడు. మళ్ళీ రాలేదు. రాకపోతే నాకేం? నాకేమీ అనిపించలేదు.

ఆ తర్వాత నన్నెవరూ వాడలేదంటే కళ్ళు పోతాయి. భేషుగ్గా వాడారు. పొద్దున్నే నడకకొచ్చే పెద్దమనుషులు స్వెట్టర్లు విప్పి నా కడ్డీకి తగిలించేవారు. పార్కులో మందారాలూ నందివర్ధనాలూ అటూ ఇటూ చూసి కోసుకుని, ఆ పూల కవర్లు కూడా నాకే వేలాడదీసేవారు. వాకర్ల సంఘం అధ్యక్షుడు విశ్వేశ్వర్రావు గారైతే నన్ను ఆనుకుని నిలబడి షుగరు మీద ఉపన్యాసం ఇచ్చేవారు. వ్యాయామం లేని ఒళ్ళు మట్టిముద్ద అనేవారు. ఆయన కాలు మాత్రం ఏనాడూ నా పలక మీద పడలేదు.

నిజంగా పడినవి భూలక్ష్మి కాళ్ళే.

భూలక్ష్మి ఆర్టీసీలో కండక్టరు. పక్షవాతం వచ్చి ఎడమ కాలు మొద్దుబారిపోయింది. సాయంత్రం ఎండ తగ్గాక చేతికర్రతో వచ్చేది. మొదటిసారి నా మీద ఎక్కడానికి పార్కు వాచ్‌మన్ పోతురాజు ఆమె జబ్బ పట్టుకోవాల్సి వచ్చింది.

"దీపావళి వెళ్ళాక డాక్టర్ల ముందు నడవాలయ్యా. బస్సు మెట్టెక్కి చూపించాలి. ఎక్కితే డ్యూటీ, లేకపోతే ఇంటికే," అని అతనికి చెప్పింది. "ఇంట్లో కూచుని ఏం చెయ్యను? గోడలతో మాట్లాడనా? రైట్ రైట్ అనకపోతే నాకు అన్నం సయించదు."

ఆ కాలికి స్పర్శ లేదు. అది కదిలిందో లేదో ఆమెకే తెలిసేది కాదు. అందుకని తల వంచి నా ఎడమ పలకనే చూస్తూ ఉండేది. పలక కదిలితే కాలు కదిలినట్టు. మొదట్లో బెత్తెడు కదిలింది, పోనుపోను మూరెడు. అలా ఊగిన రోజున "అబ్బో, మన బండి స్టార్టయింది పోతురాజూ!" అని పార్కంతా వినపడేలా నవ్వింది. అప్పుడు నాకు ఏదో అయింది. సంతోషం అంటారేమో దాన్ని, నాకు అలవాటు లేదు.

ఇంతలో దసరా వచ్చింది. పోతురాజు ఆయుధ పూజ చేద్దామనుకున్నాడు. అతనికున్న ఆయుధాలు చీపురూ, నీళ్ళ పైపూ. వాటికి బొట్టు పెడితే ఏం బాగుంటుందని నా దగ్గరకొచ్చాడు. రెండు పలకలకీ పసుపు పూసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, ఎదురుగా గుమ్మడికాయ కొట్టాడు. మర్నాడు పొద్దున నడకకొచ్చినవాళ్ళు ఠక్కున ఆగారు. ఒకావిడ చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది. మరొకాయన కొబ్బరికాయ తెచ్చి కొట్టాడు. నడిచే బాట నాకు ఎడమ పక్కన ఉంది కాబట్టి అందరూ అటు నించే నా నెత్తిన కొబ్బరినీళ్ళు పోసేవారు. శుక్రవారం వస్తే పాలు. అవన్నీ తిన్నగా ఎడమ కీల్లోకి దిగేవి. నిన్నటిదాకా స్వెట్టర్లు తగిలించినవాళ్ళే "కాళ్ళు తగిలించకండర్రా, తప్పు" అని పిల్లల్ని అదిలించడం మొదలెట్టారు. వ్యాయామం కంటే పూజే హాయి మరి, చెమట పట్టదు.

పూజ మర్నాటి సాయంత్రమే భూలక్ష్మి వచ్చి, బొట్లు చూసి నిలబడిపోయింది. "కాలు పెట్టొచ్చా?" అంది.

"ఇప్పుడొద్దమ్మా," అన్నాడు పోతురాజు తల గోక్కుంటూ. "దండ వాడిపోయేదాకా ఆగండి. ఈళ్ళు నన్ను బతకనివ్వరు."

దండ వాడేలోగా ఎవరో ఒకరు కొత్త దండ వేసేవారు. ఆమె వచ్చి కాసేపు బెంచీ మీద కూర్చుని వెళ్ళిపోయేది. నా కీల్లో తుప్పు పట్టడం నాకు తెలుస్తూనే ఉంది. తెలిసి నేనేం చేస్తాను?

దీపావళి ఇంకా రాలేదు కానీ, పిల్లలు టపాకాయలు కాల్చడం మొదలెట్టేశారు. ఇక లాభం లేదనుకుందేమో, ఆమె తిన్నగా నా దగ్గరికే వచ్చింది. విశ్వేశ్వర్రావు గారు అక్కడే ఉన్నారు. "అపచారం తల్లీ! అమ్మవారిలా చూసుకుంటున్నాం," అన్నారు.

"మా బస్సుకీ దసరాకి బొట్టు పెడతాం బాబాయిగారూ. ఆ మెట్టుకే దణ్ణం పెట్టి, ఆ మెట్టు మీదే కాలేసి ఎక్కుతాం. ఎక్కకపోతే ఇంక బస్సెందుకండీ?" అంది. వంగి నా పలకని తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుని ఎక్కింది.

కుడి పలక ఊగింది. ఎడమది కదల్లేదు.

ఆమె తల వంచి చూసింది. పళ్ళ బిగువున మళ్ళీ తోసింది. ఆ కాలు ఎంత బలంగా తోస్తోందో నాకు తెలుసు, మునుపెప్పుడూ అంత బలం లేదు. బిగుసుకుపోయింది నా కీలు. ఆ మాట చెప్పడానికి నాకు నోరేదీ?

"చచ్చిపోయిందయ్యా పోతురాజూ," అంది. "నా కాలు చచ్చిపోయింది."

"ఇన్నాళ్ళు మానేశారు గదమ్మా, అందుకే అయ్యుంటది," అన్నాడతను. విశ్వేశ్వర్రావు గారు గబగబా లెంపలేసుకున్నారు. ఆమె కర్ర అందుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత రాలేదు.

దీపావళి వెళ్ళి చాలా రోజులకి ఒక మున్సిపాలిటీ అధికారి, ఆయన వెంట ఒక మెకానిక్కు వచ్చారు. జనం అసలు పార్కుల్లో మాలాంటి మిషన్లని వాడుతున్నారా లేదా చూసి రమ్మన్నారట. "వాడకపోవడమేమిటండీ! పొద్దున్నే వచ్చి చూడండి, తిరునాళ్ళే," అన్నారు విశ్వేశ్వర్రావు గారు. అధికారి నా దండలూ కర్పూరం మసీ చూసి, "ఆదరణ బాగానే ఉంది సార్" అని ఫోనులో ఎవరికో చెప్పాడు. మెకానిక్కు మాత్రం ఎడమ పలకని కాలితో తన్ని చూశాడు.

"ఇదెక్కడ ఊగుద్ది? కొబ్బరినీళ్ళు తాగీ తాగీ కీలు తుప్పట్టి బిగుసుకుపోయింది. ఏనుగెక్కినా కదలదు," అని, సుత్తితో కొట్టి గ్రీజు పెట్టాడు. ఊగింది.

మొక్కలకి నీళ్ళు పెడుతున్న పోతురాజు పైపు వదిలేసి వచ్చాడు. నా పలకని చేత్తో తోసి చూశాడు. ఇంకోసారి తోశాడు. తర్వాత గేటు కూడా వెయ్యకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి భూలక్ష్మిని ఆటోలో తీసుకొచ్చాడు. దారిలో అంతా చెప్పేసినట్టున్నాడు, ఆమె ఏమీ అడగలేదు. ఎక్కి, తల వంచుకుని చూసింది. రెండు పలకలూ ఊగాయి. ఎడమది కుడిదానితో సమానంగా ఊగింది.

"చూడండమ్మా, మీ కాలు బంగారంలా ఉంది," అన్నాడు పోతురాజు ముక్కు ఎగబీలుస్తూ. "రేపే డాక్టర్ల దగ్గరికెళ్ళండి."

"వాళ్ళు రమ్మన్న రోజున నేను వెళ్ళలేదయ్యా," అంది ఆమె, ఊగడం ఆపకుండానే. "పది మంది ముందు పడిపోతానని భయమేసింది. డ్యూటీ చెయ్యలేనని నేనే సంతకం పెట్టిచ్చాను. మొన్న సంచీ, టిక్కెట్ల మిషనూ తీసేసుకున్నారు."

కొబ్బరినీళ్ళు దిగుతుంటే నాకు బాధ తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

దీపాలు వెలిగాయి. విశ్వేశ్వర్రావు గారు దూరం నించే దణ్ణం పెట్టుకుని ఇంటికి పోయారు. ఆ దణ్ణం నాకో, ఆమెకో మరి.

"చీకటి పడింది, దిగుతారా అమ్మా?" అన్నాడు పోతురాజు.

"ఉండవయ్యా. దిగి ఎక్కడికెళ్ళాలి?" అంది.

నేను ఊగాను, అంతే.